జీపు ముందు కమాన్లు: ఒక మరమ్మతు చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నాలుగు చక్రాల చోదకం గల జీపు ఏ చారిత్రక పరిస్థితుల్లో పుట్టిందో వివరించగలుగుతారు.
• ముందు కమాన్లు, బుష్‌లు, షాకిళ్లు చేసే పనిని, అవి అరిగినప్పుడు కలిగే ఫలితాలను చెప్పగలుగుతారు.
• భారతదేశంలో, ముఖ్యంగా తెలుగు ప్రాంతాల్లో, వాహన మరమ్మతు జ్ఞానం ఎలా విస్తరించిందో తెలుసుకుంటారు.
• యంత్రం నిర్మాణానికీ దాన్ని బాగుచేసుకునే అధికారానికీ గల సంబంధాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకు రావడం సహజం. ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది మాత్రం అరచేతిలో ఇమిడే ఒక చిన్న వస్తువు. జీపు ముందు కమాను చెవిలో కూర్చునే బుష్ అది.

1980ల తొలి రోజుల్లో నేను పరిశోధక విద్యార్థిగా శాసనాల కోసం నల్లమల చుట్టుపక్కల గ్రామాలు తిరిగేవాణ్ణి. ఒకసారి మేము వెళ్తున్న పాత జీపు ముందు చక్రాలు ఉన్నట్టుండి గజగజ ఊగడం మొదలుపెట్టాయి. డ్రైవరుగారు బండి ఆపి, కిందికి దూరి చూసి, “బాబూ, కమాను బుష్షు పోయింది. ఇక స్టీరింగు మన మాట వినదు” అన్నారు. కబురు చేయడానికి దగ్గరలో ఫోను కూడా లేదు. ఆయన చింతచెట్టు కింద జాకీ వేసి, నాలుగు స్పానర్లు, ఒక సుత్తి, ఒక పైపు ముక్కతో మూడు గంటల్లో బుష్ మార్చేశారు. కొత్త బుష్ ఆయన సీటు కింది డబ్బాలోనే ఉంది.

ఆయన బడిలో చదివింది తక్కువ. అయినా ఆ పని ఎలా చేయగలిగారు? ఆయన నేర్పు ఒక కారణం. రెండో కారణం ఆ బండిలోనే ఉంది. వాడేవాడే విప్పి బిగించుకోగలిగేలా దాన్ని తయారు చేశారు. నిర్మాణంలోని ఈ నిర్ణయం ఎక్కడ నుంచి వచ్చింది, మన దేశంలో ఏ ఫలితాలనిచ్చింది, తరువాత ఎలా మారింది అన్నవే ఈ పాఠంలోని ప్రధాన ప్రశ్నలు.

2. కమాను: గుర్రపు బండి నుంచి మోటారు బండికి

మోటారు వాహనం వచ్చేనాటికే కమాను పాత వస్తువు. ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ బోల్టుతో బిగించి, వంపు తిప్పిన కట్టలను ఐరోపాలో గుర్రపు బండ్లకు వాడేవారు. తొలినాటి మోటారు వాహనాలు ఈ కమాన్లనే తీసుకున్నాయి.

కమాను పని సులభంగానే అర్థమవుతుంది. చక్రం గుంతలో పడినప్పుడు వచ్చే అదురును పట్టీలు వంగి తమలోకి తీసుకుంటాయి. కట్టలో అన్నిటికన్నా పొడవైన పట్టీకి రెండు చివరలా గుండ్రంగా చుట్టిన చెవులు ఉంటాయి. జీపు ముందు కమానులో ఒక చెవి చాసిస్‌కు స్థిరంగా బిగించి ఉంటుంది. రెండో చెవి షాకిల్ అనే ఊగే కొక్కేనికి తగిలించి ఉంటుంది. వంపు తిరిగిన పట్టీ బరువుకు చదునైనప్పుడు దాని పొడవు కొద్దిగా పెరుగుతుంది. ఆ పెరుగుదలకు చోటిచ్చేందుకే షాకిల్ ఊగాలి. చెవిలో ఉక్కూ ఉక్కూ నేరుగా రాసుకోకుండా అడ్డంగా ఉండేది బుష్.

ఇక్కడ ఒక విషయం గమనించండి. జీపులో కమాను బరువు మోయడంతో ఆగదు. ముందు ఇరుసును దాని స్థానంలో పట్టి ఉంచేది కూడా అదే. కాబట్టి బుష్ అరిగితే ఇరుసు ముందుకూ వెనక్కూ, పక్కలకూ కదులుతుంది. స్టీరింగు ఒకవైపు లాగుతుంది. కొంత వేగంలో చక్రాలు ఊగిపోతాయి. ఒక చిన్న బుష్‌పై ప్రయాణికుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయని చెప్పడం అతిశయోక్తి కాదు.

3. యుద్ధం కోరిన బండి

1940లో ఐరోపాలో జర్మనీ సేనల వేగాన్ని చూసిన అమెరికా సైన్యం, నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే తేలికపాటి వాహనం కావాలని నిర్ణయించింది. 135 సంస్థలకు ఆహ్వానం పంపింది. నమూనా బండి తయారీకి ఇచ్చిన గడువు 49 రోజులు. అమెరికన్ బాంటమ్ అనే చిన్న సంస్థ కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు సహాయంతో నమూనాను తయారుచేసి, 1940 సెప్టెంబరు 23న సైన్యానికి అప్పగించింది. తరువాత విల్లీస్-ఓవర్‌లాండ్, ఫోర్డ్ సంస్థలు కూడా రంగంలోకి దిగాయి. 1941లో పెద్ద కాంట్రాక్టు విల్లీస్‌కు దక్కింది. అదే నమూనాను ఫోర్డ్ కూడా తయారుచేసింది. యుద్ధం ముగిసేనాటికి రెండు సంస్థలూ కలిపి 6 లక్షలకు పైగా జీపులను తయారుచేశాయి.

అప్పటికే ఐరోపా, అమెరికా కార్లలో ప్రతి ముందు చక్రం విడివిడిగా కదిలే స్వతంత్ర సస్పెన్షన్ వచ్చేసింది. 1931లో మెర్సిడెస్-బెంజ్, 1934లో జనరల్ మోటార్స్ దాన్ని తమ కార్లలో ప్రవేశపెట్టాయి. అయినా జీపులో ముందూ వెనకా కమాన్లు, ఒకే దూలంలాంటి ఇరుసు ఎందుకు ఉంచారు? గడువు తక్కువ. సిద్ధంగా దొరికే భాగాలతో పని జరగాలి. భాగాలు లక్షల సంఖ్యలో, ఒకే కొలతలో తయారుకావాలి. యుద్ధభూమిలో చేతి పనిముట్లతోనే వాటిని మార్చగలగాలి. కమాను ఈ అవసరాలన్నిటినీ తీర్చింది. అది పాతదైనా ఆ పరిస్థితులకు సరిపోయింది.

ఫోర్డ్ తయారుచేసిన జీపు కమాను విల్లీస్ జీపుకు సరిపోతుంది. ఒక బండి చెడితే దాని భాగాలు మరో బండిని నడిపిస్తాయి. మార్పిడికి వీలైన భాగాలు అనే ఈ సూత్రం మొదట తుపాకుల తయారీలో ఎదిగింది. జీపు దాన్ని ప్రపంచంలోని మారుమూల రోడ్లకు తీసుకువెళ్లింది.

4. ఒక చారిత్రక ఆధారం: 1944 నాటి కరదీపిక

చరిత్రకారుడు ఆధారాలపై నిలబడాలి. జీపు విషయంలో మనకు మంచి ఆధారం ఒకటి ఉంది. 1944 ఫిబ్రవరిలో అమెరికా యుద్ధశాఖ విల్లీస్, ఫోర్డ్ జీపులకు ఒక సాంకేతిక కరదీపికను ప్రచురించింది. దాని సంఖ్య టి.ఎం. 9-803. అందులో బండి నడిపే పద్ధతితో పాటు నిర్వహణ పనులు కూడా ఉన్నాయి.

అమెరికా సైన్యం మరమ్మతు పనులను అంచెలుగా విభజించింది. నూనె, గ్రీజు, బోల్టుల బిగింపు వంటివి డ్రైవరు పనులు. కొంత పెద్ద పనులు ఆ దళంలోని మెకానిక్కులవి. ఇంజను విప్పడం వంటి బరువైన పనులు వెనుక ఉండే కర్మాగారాలవి. కమాన్లను విప్పి కొత్తవి బిగించడం దూరపు కర్మాగారానికి వదిలిన పని కాదు. దళం తన స్థాయిలోనే చేసుకోవలసిన పని. ఎవరు ఏ పని చేయాలో, ఎంతవరకు చేయాలో రాసిపెట్టిన ఈ పుస్తకం జ్ఞానాన్ని పంచే పత్రం కూడా. రైతు కుటుంబం నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల సైనికుడు బొమ్మలు చూసి పని నేర్చుకోగలిగాడు.

5. భారతదేశంలో జీపు

రెండో ప్రపంచ యుద్ధం తరువాత సైన్యం వదిలేసిన జీపులు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. 1940ల చివరి సంవత్సరాల్లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపులను విడిభాగాల నుంచి బిగించడం మొదలుపెట్టింది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తరువాత ప్రభుత్వం ఒక ముఖ్యమైన విధానాన్ని అనుసరించింది. విదేశీ భాగాలను తెచ్చి బిగించడమే కాక, దేశంలో తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలకే అనుమతి లభించింది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ దేశం నుంచి తప్పుకున్నాయి. మిగిలిన సంస్థలు క్రమంగా స్థానిక భాగాలకు మారాయి. కమాన్లు, బుష్‌లు, స్టీరింగు కీళ్లు దేశంలోనే తయారై పట్టణాల దుకాణాలకు చేరాయి.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమైంది. బ్లాకు అభివృద్ధి అధికారులు పల్లెలు తిరగడానికి జీపు తప్పనిసరి అయింది. 1959లో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు ఏర్పడిన తరువాత “సమితి జీపు” అన్న మాట మన పల్లెల్లో స్థిరపడింది. ఎన్నికలకూ, టీకాలకూ, కరువు పనుల తనిఖీకీ అదే బండి. ఆ రోడ్లపై కమాన్లు విరిగేవి, బుష్‌లు అరిగేవి. వాటిని బాగుచేసే మనుషులు కూడా ఆ రోడ్ల పక్కనే తయారయ్యారు.

ఈ మెకానిక్కులు ఎక్కువమంది షెడ్డులోనే పని నేర్చుకున్నారు. చిన్న వయసులో చేరి, మొదట స్పానర్లు అందించి, తరువాత గ్రీజు కొట్టి, చివరకు మేస్త్రీ అయ్యేవారు. కమాన్ల పనిలో కమ్మరి నేర్పు కూడా కలిసింది. కూలిన పట్టీని మళ్లీ వంపు ఎత్తడం, విరిగిన పట్టీ స్థానంలో వేరొకటి కోసి వేయడం కొలిమి తెలిసినవారి పనే. విజయవాడలో 1960ల్లో ఏర్పడిన జవహర్ ఆటోనగర్ ఈ విద్యకు పెద్ద కేంద్రమైంది. అక్కడ కమాన్ల పని, లేత్ పని, బాడీ కట్టడం, రేడియేటర్ల పని దేనికదే ప్రత్యేక వృత్తిగా ఎదిగింది.

అమెరికా సైన్యం పుస్తకంలో రాసి పంచిన జ్ఞానం మన దగ్గర చేతి నుంచి చేతికి అందింది. అందువల్ల అది మన గ్రంథాలయాల్లో పెద్దగా కనబడదు.

6. ఇంటి ముంగిట మరమ్మతు

కొన్నేళ్ల తరువాత నేను వేలంలో ఒక పాత జీపు కొన్నాను. దాని ముందు బుష్‌లు మార్చే పని మా ఇంటి ముంగిట నేనే చేశాను. ఆ పని క్రమాన్ని తెలుసుకుంటే పైన చెప్పిన చరిత్ర మరింత స్పష్టమవుతుంది.

మొదటి మెట్టు లోపాన్ని కనిపెట్టడం. ముందు భాగాన్ని జాకీతో ఎత్తి, స్టాండుపై నిలిపి, ఇనుప గడ్డపారతో కమాను చెవి దగ్గర ఎత్తి చూడాలి. చెవి కదిలితే బుష్ అరిగినట్లు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే ఆట కనిపించవచ్చు. అప్పుడు ఇంకొకరు బ్రేకు తొక్కాలి. ఆట పోతే అది చక్రం బేరింగుది. పోకపోతే కింగ్ పిన్‌ది. చక్రాన్ని పక్కల పట్టి ఊపినప్పుడు ఆట ఉంటే టై రాడ్ చివరలను చూడాలి.

రెండో మెట్టు విప్పడం. వెనుక చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టాలి. చాసిస్ కింద గట్టి స్టాండ్లు ఉంచాలి. ఇటుకలపై బండిని నిలపడం ప్రాణాపాయం, ఎందుకంటే ఇటుక ముందుగా హెచ్చరించకుండానే పగిలిపోతుంది. ఇరుసు కింద జాకీని కొద్దిగా దించితే కమానుపై భారం తగ్గుతుంది. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే కిరోసిన్ పోసి ఉంచాలి. తరువాత యూ బోల్టులు, షాకిల్, స్థిరమైన చివర బోల్టు వరుసగా విప్పితే కమాను కట్ట చేతికి వస్తుంది. పాత బుష్‌ను పైపు ముక్క, పొడవాటి బోల్టు, వాషర్లతో బయటకు లాగవచ్చు.

మూడో మెట్టు బిగించడం. కమాను నడుమ బోల్టు తల ఇరుసు పీటలోని రంధ్రంలో సరిగ్గా కూర్చోవాలి. యూ బోల్టులను ఒకేసారి ఒకవైపు కాకుండా నాలుగు కొసలనూ కొంచెం కొంచెంగా బిగించాలి. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగువు చూడాలి. బుష్‌లను రెండు వైపులా కలిపే మార్చాలి.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. ఇరుసు గాలిలో వేలాడుతుండగానే షాకిల్ బోల్టులు పూర్తిగా బిగించేశాను. కొన్ని నెలలకే కొత్త బుష్‌లు చీలిపోయాయి. పట్టణంలోని మేస్త్రీ ఒకరు చూసి, “సారూ, ఇవి రబ్బరువి. బండి బరువు నేల మీద పడ్డాకే బిగించాలి” అన్నారు. రబ్బరు బుష్ తిరగదు, మెలితిరుగుతుంది. వేలాడుతున్న స్థితిలో బిగిస్తే, బండి దిగగానే అది మెలిపడిపోయి ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉంటుంది.

నా పొరపాటు వెనుక కూడా చరిత్ర ఉంది. యుద్ధకాలపు జీపు షాకిళ్లలో మరలు చుట్టిన లోహపు బుష్‌లు ఉండేవి. అవి తిరుగుతూ పనిచేస్తాయి, వాటికి గ్రీజు గన్‌తో తరచుగా గ్రీజు కొట్టాలి. రబ్బరు బుష్‌కు గ్రీజు అక్కరలేదు, అసలు తగలకూడదు కూడా. అంటే నిర్మాణం మారినప్పుడు పని నియమం కూడా మారింది. నేను పాత పుస్తకం చదివి కొత్త బుష్ బిగించాను. మేస్త్రీకి రెండూ తెలుసు. ఒక ఆధారాన్ని అది ఏ కాలానికి చెందినదో చూడకుండా వాడకూడదని విద్యార్థులకు చెప్పిన నేను, ఆ పాఠాన్ని మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

7. కమాను నుంచి కాయిల్‌కు

1985లో వచ్చిన మారుతి జిప్సీ కూడా ముందు కమాన్లతోనే నడిచింది. ఆ తరువాత మార్పు వేగం పుంజుకుంది. 2000లో వచ్చిన బొలేరో, 2002లో వచ్చిన స్కార్పియోల్లో ముందు భాగానికి స్వతంత్ర సస్పెన్షన్ ఉంది. 2010లో వచ్చిన థార్‌లోని కొన్ని రకాల్లో ముందు కమాన్ల స్థానాన్ని టార్షన్ బార్ తీసుకుంది. అది మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ. 2020 థార్‌లో ముందు భాగానికి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి.

ఈ మార్పును కేవలం నష్టంగా చూడరాదు. స్వతంత్ర సస్పెన్షన్‌లో ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రం ఒరగదు. ప్రయాణం మెత్తగా ఉంటుంది. వేగంలో బండి మరింత అదుపులో ఉంటుంది. మంచి రోడ్లు, ఎక్కువ వేగం వచ్చిన కాలానికి అది అవసరం.

అయితే మరమ్మతు స్వభావం మారింది. పై చేయి, కింది చేయి, బాల్ జాయింట్లు, వాటి బుష్‌లు అరిగితే చాలాచోట్ల హైడ్రాలిక్ ప్రెస్ కావాలి. నొక్కిపెట్టిన కాయిల్ స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీయగలదు. దాన్ని పట్టి ఉంచే ప్రత్యేక సాధనం లేకుండా విప్పకూడదు. పని పూర్తయ్యాక చక్రాల కోణాలను యంత్రంపై సరిచూడాలి. జీపు దూలపు ఇరుసులో ఈ కోణాల్లో ఎక్కువ భాగం ఇరుసులోనే స్థిరంగా ఉండేవి. మొత్తం మీద పని ఇంటి ముంగిటి నుంచి సాధనాలున్న షెడ్డుకూ, అక్కడ నుంచి కంపెనీ సర్వీసు కేంద్రానికీ జరిగింది.

8. బాగుచేసుకునే హక్కు

ఈ మార్పు చివరకు న్యాయ ప్రశ్నగా కూడా మారింది. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలపై రూ. 2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. అసలైన విడిభాగాలను, మరమ్మతుకు అవసరమైన సమాచారాన్ని, సాధనాలను స్వతంత్ర షెడ్లకు అందకుండా చేయడం పోటీ చట్టానికి విరుద్ధమని కమిషన్ భావించింది. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై ఒక కమిటీని నియమించింది. దాని పరిధిలో వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలతో పాటు వాహనాలు కూడా ఉన్నాయి.

1944 కరదీపికను, 2014 ఉత్తర్వును పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి సందర్భంలో తయారీదారుల బండికి సంబంధించిన సమాచారాన్ని ప్రభుత్వమే సైనికుడి చేతికి ఇచ్చింది, ఎందుకంటే బండి ఆగితే యుద్ధం ఆగుతుంది. రెండో సందర్భంలో ఆ సమాచారం కోసం షెడ్డు మేస్త్రీ తరఫున చట్టం మాట్లాడవలసి వచ్చింది. ఈ 70 ఏళ్లలో యంత్రం ఎంత మారిందో, యంత్రానికీ మనిషికీ మధ్య సంబంధం కూడా అంత మారింది.

9. సారాంశం

జీపు ముందు కమాన్లు యుద్ధ అవసరాల నుంచి వచ్చాయి. చేతి పనిముట్లతో మార్చగలిగే భాగాలు కావడం వల్ల మన దేశంలో రోడ్డుపక్క మెకానిక్కుల జ్ఞానానికి అవి పునాది వేశాయి. స్థానిక తయారీ విధానం, సమాజ వికాస పథకం, ఆటోనగర్ వంటి కేంద్రాలు ఆ జ్ఞానాన్ని పెంచాయి. స్వతంత్ర సస్పెన్షన్ ప్రయాణాన్ని మెరుగుపరచింది, కానీ మరమ్మతును ఇంటి నుంచి దూరం చేసింది. ఒక భాగం అరిగినప్పుడు దాన్ని ఎవరు మార్చగలరన్నది చాలావరకు ఆ భాగాన్ని గీసిన రోజే నిర్ణయమవుతుంది. అందులో మిగిలిన భాగాన్ని విధానాలు, చట్టాలు నిర్ణయిస్తాయి. అక్కడ పౌరులుగా మనకూ పాత్ర ఉంది.

10. కీలక పదాలు

కమాను: వంపు తిప్పిన ఉక్కు పట్టీల కట్ట.
షాకిల్: కమాను పొడవు మారడానికి వీలుగా ఊగే కొక్కెం.
బుష్: రెండు భాగాల మధ్య రాపిడిని, అదురును తగ్గించే తొడుగు.
కింగ్ పిన్: దూలపు ఇరుసు చివర ముందు చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్.
స్వతంత్ర సస్పెన్షన్: ప్రతి చక్రం విడిగా పైకీ కిందికీ కదిలే ఏర్పాటు.

11. నమూనా ప్రశ్నలు

ఈ ప్రశ్నలకు పది పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జీపులో స్వతంత్ర సస్పెన్షన్‌కు బదులు కమాన్లను ఎందుకు వాడారు?
2. రబ్బరు బుష్‌ను బండి బరువు నేల మీద పడ్డాకే ఎందుకు బిగించాలి?

ఈ ప్రశ్నకు ముప్పై పంక్తుల్లో సమాధానం రాయండి.
3. 1953 తరువాతి వాహన తయారీ విధానం మరమ్మతు వృత్తులపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

అభ్యాస కృత్యం

మీ ఊరిలో లేదా దగ్గరి పట్టణంలో యాభై ఏళ్లు దాటిన మెకానిక్కును కలవండి. ఆయన ఎవరి దగ్గర పని నేర్చుకున్నారు, మొదట విప్పిన బండి ఏది, ఇప్పుడు ఏ పనులు తన దగ్గరకు రావడం లేదు అని అడిగి, ఆయన మాటల్లోనే రాసుకోండి. తేదీ వేయండి, ఆయన అనుమతి తీసుకోండి. మీలో కొందరు పగలు షెడ్డులో పనిచేస్తూ రాత్రి ఈ పాఠాలు చదువుతుండవచ్చు. అలాంటివారు తమ మేస్త్రీతోనే మొదలుపెట్టవచ్చు. మనం రాయకపోతే ఆ తరంతోనే ఈ చరిత్ర చాలావరకు పోతుంది.